చంటి మాట చంటిదే

సత్యశ్రీ అదే మాట నాలుగోసారి చెబుతోంది.

"పిల్లలు అబద్ధం ఆడారని తెలియగానే అరిసేయకండి. ముందు ఓ గ్లాసుడు మంచినీళ్లు తాగండి. పిల్లలకి కాదు, మీకే..."

పక్కనే కుక్కర్ కూత పెట్టింది.

"అయ్యో! మళ్లీ పోయింది," అంటూ ఆమె నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

ఫోన్ పట్టుకున్న హంసిని పకపకా నవ్వింది. హంసినికి పదకొండేళ్లు, ఆరో తరగతి. వాళ్లమ్మ తీసే వీడియోలకి కెమెరా పట్టుకునేది తనే. పొయ్యి పక్కన నిలబడి, చెయ్యి కదలకుండా, ఊపిరి బిగబట్టి పట్టుకుంటుంది.

కూర్మన్నపాలెంలో ఒక మేడ మీద రెండు గదుల వాటా వాళ్లది. నాన్న తాతబాబు స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ చేస్తాడు. నానమ్మ చిలకమ్మ, ఆరేళ్ల తమ్ముడు చంటి కూడా అక్కడే ఉంటారు. ఏడాది కిందట సత్యశ్రీ "మా పిల్లలూ మేమూ" అని ఒక పేజీ మొదలుపెట్టింది. పిల్లలు బీరకాయ తినకపోతే ఏం చేయాలి, బడికి వెళ్లనని మారాం చేస్తే ఏం చెప్పాలి, ఇలాంటివన్నీ చిన్న చిన్న రీల్స్‌గా పెడుతుంది.

మొదట్లో ఆమె "ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం" అంటూ పుస్తకం చదివినట్టు మాట్లాడేది. ఎవరూ చూసేవారు కాదు. ఒకరోజు చంటి పప్పు గిన్నె తల మీద బోర్లించుకున్నాడు. సత్యశ్రీ విసుగొచ్చి కెమెరా వైపు తిరిగి, "ఏటమ్మా, మీ పిల్లలు కూడా ఇంతేనేటి?" అంది. ఆ రీల్ కింద ముప్పై మంది "ఇంతే, ఇంతే" అని రాశారు! ఆ రోజు నుంచి ఇంట్లో ఎలా మాట్లాడుతుందో పేజీలోనూ అలాగే మాట్లాడటం మొదలుపెట్టింది.

ఒకాయన మాత్రం "ఆ యాస ఏంటి, పల్లెటూరా మీది?" అని రాశాడు. హంసినికి ఒళ్లు మండిపోయింది. సత్యశ్రీ మాత్రం "అవునండీ, చీపురుపల్లి దగ్గర. మీ పిల్లలు బాగా తింటన్నారా?" అని జవాబిచ్చింది. వారం తిరక్కుండానే ఆయన, "మా పాప పాలు తాగట్లేదు, ఏం చేయమంటారు?" అని అడిగాడు.

అమ్మలాంటి మనిషి ఇంకొకరు ఉండరని హంసిని నమ్మకం.

సత్యశ్రీ ఎంత పనిలో ఉన్నా వచ్చిన ప్రతి కామెంట్‌కి జవాబు రాస్తుంది. ఏ రీల్ ఎందుకు నచ్చిందో, ఏది ఎందుకు నచ్చలేదో పాత నోటుబుక్కులో రాసుకుంటుంది. ఆమెకి రెండు నియమాలున్నాయి. పేజీ పాత ఫోన్‌లోనే ఉండాలి, ఆ ఫోన్ ఇల్లు దాటకూడదు, సాయంత్రం గంటసేపే దాన్ని చూడాలి. అది మొదటిది. వీడియోలో ఎవరు కనబడితే వాళ్లకి ముందు చూపించి, వాళ్లు సరే అంటేనే పెట్టాలి. అది రెండోది.

ఒకసారి రెండు రోజులు కష్టపడి చేసిన రీల్ చూసి చంటి, "నా బనీనుకి కన్నం ఉంది, వద్దు," అన్నాడు. సత్యశ్రీ మారు మాట్లాడకుండా తీసేసింది.

ఆ శనివారం, మంచినీళ్ల రీల్ ఐదోసారికి చక్కగా వచ్చింది. సత్యశ్రీ దాన్ని పెట్టేసి, చిలకమ్మని కంటి ఆపరేషన్‌కి ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆదివారం సాయంత్రానికి గానీ రారు.

"నాన్న నిద్దర్లేచే దాకా తమ్ముణ్ణి చూసుకోమ్మా. ఫోన్‌తో జాగ్రత్త," అని చెప్పి వెళ్లింది.

హంసిని గంటకోసారి పేజీ తెరిచి చూసింది. సాయంత్రానికి ఆ రీల్ చూసినవాళ్లు యాభై ఎనిమిది మంది. పేజీని ఫాలో అయ్యేవాళ్లు తొమ్మిది వందల ముప్పై ఏడు. నెలరోజులుగా అంకె అక్కడక్కడే తిరుగుతోంది. వెయ్యి దాటితే పాయసం చేస్తానని అమ్మ అన్న మాట గుర్తొచ్చి హంసినికి జాలేసింది. మూడు రోజులు ఆలోచించి రాసుకున్న రీల్‌ని యాభై ఎనిమిది మందేనా చూసేది?

కింద వాటాలో ఉండే కేథరిన్ ఆడుకోవడానికి వచ్చింది. హంసిని తన బాధ చెప్పుకుంది.

"మా పిన్ని మధురవాడలో ఉంటాది కదా," అంది కేథరిన్. "వాళ్ల పాప నిమ్మకాయ నాకి మొహం ఎలాగో పెట్టింది. అది వీడియో తీసి పెడితే పదివేల మంది వచ్చేశారు! మీకు చంటిగాడు ఉన్నాడు. ఆడు మాటాడితే సాలు, నవ్వొచ్చేత్తాది."

చంటికి 'ర' పలకదు. రైలుని లైలు అంటాడు. కాకరకాయ వాడి నోట్లో కాకలకాయ. డాక్టరమ్మ భయపడొద్దంది. నెమ్మదిగా అలవాటు చేయండి, ఎవరూ నవ్వకండి, అని చెప్పింది. రోజూ సాయంత్రం బీరువా అద్దం ముందు సత్యశ్రీ వాణ్ణి కూర్చోబెట్టుకుని నాలుక ఎలా పైకెత్తాలో నేర్పుతుంది. మాట తిరగని పిల్లలకి ఎలా నేర్పాలో వీడియో పెట్టమని ఎంతమంది అడిగినా చంటిది పెట్టలేదు. "అది వాడి సంగతి. నాది కాదు," అంటుంది.

కేథరిన్ వెళ్లిపోయాక లోపలి గదిలోంచి చంటి గొంతు వినబడింది. అమ్మ లేదు కదాని మానేయలేదు వాడు. ఒక్కడే అద్దం ముందు నిలబడ్డాడు.

"లై... లైలు. కాదు. ల్ల్... లైలు." నాలుక బయటపెట్టి వేలితో చూపిస్తూ దాన్నే కోప్పడ్డాడు. "ఏయ్ నాలుకా! లోజూ చెప్తంటే ఇనవేటి? దెబ్బలు పడతాయి!"

హంసినికి నవ్వాగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తలుపు సందులోంచి ఫోన్‌తో అంతా తీసింది.

వాణ్ణి అడగాలని తెలుసు. అడిగితే వద్దంటాడని కూడా తెలుసు. 'చిన్నాడు, ఆడికేం తెలుస్తుంది? ముద్దుగానే ఉంది కదా!' అనుకుంది. "మా చంటి లైలుబండి" అని పేరు పెట్టి, పక్కన నవ్వే బొమ్మలు మూడు చేర్చి, పేజీలో పెట్టేసింది.

పొద్దున లేచి చూస్తే కళ్లు తిరిగాయి. ఆ వీడియోని ఇరవై రెండు వేల మంది చూశారు. ఫాలోయర్లు రెండు వేలు దాటారు! కింద ఎన్ని నవ్వులో, ఎన్ని ముద్దులో! హంసిని మంచం మీద ఎగిరి గంతేసింది. అమ్మ వచ్చాక ఎలా చెప్పాలా అని ఊహించుకుంటూ ఒక్కో కామెంటూ చదవసాగింది.

ఒకచోట ఆగిపోయింది. రాసింది ఆనందపురంలో ఉండే కుసుమకుమారి. ప్రతి రీల్ చూసి, సందేహాలడిగే ఆవిడ.

"సత్యశ్రీ గారూ, మా బాబుకీ మాట తడబడతాది కదండీ. నలుగురూ నవ్వితే పిల్లలు మాటాడ్డం మానేత్తారని మీరే నాకు సెప్పారు. మరి ఇదేటండీ?"

హంసిని చుట్టూ చూసింది. ఎవరూ లేరు. గబుక్కున ఆ కామెంట్ తీసేసింది.

సాయంత్రం చిలకమ్మ నల్లకళ్లద్దాలతో ఆటో దిగింది. "నానిప్పుడు సినిమా హీరోలా ఉన్నానేటే?" అని మనవరాలిని అడిగింది. సత్యశ్రీ బాగా అలిసిపోయి ఉంది. అత్తగారి కంట్లో చుక్కలు వేసి, వంట చేసి, అలాగే గోడకి ఆనుకుని కునికిపాట్లు పడింది. ఫోన్ జోలికే పోలేదు. హంసిని కూడా ఏమీ చెప్పలేదు. చెప్పాలనుకున్నప్పుడల్లా, తీసేసిన కామెంట్ గుర్తొచ్చి ఆగిపోయింది.

సోమవారం బడి ఆటోలో గొడవ మొదలైంది.

"ఒరే లైలుబండీ! కూత పెట్టరా!" అన్నాడు ఎనిమిదో తరగతి సాయిశంకర్.

చంటికి అర్థం కాలేదు. "ఏ లైలు?" అన్నాడు.

ఆటో మొత్తం గొల్లుమంది.

"మా అమ్మ ఫోన్లో చూశాం. అద్దం ముందు నాలుక్కి బుద్ధి సెప్తన్నావు కదరా!"

చంటి మొహం చిన్నబోయింది. వాడు మెల్లగా తలతిప్పి అక్క వైపు చూశాడు. శనివారం ఇంట్లో ఎవరెవరు ఉన్నారో వాడికి తెలుసు. బడి వచ్చేదాకా తన బూట్ల వైపే చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం అన్నం గంట కొట్టాక ఒకటో తరగతి టీచర్ రోజారమణి హంసినిని పిలిపించింది. ఆమె గొంతు తగ్గించి మాట్లాడింది.

"మీ తమ్ముడు పొద్దుట్నుంచి నోరు తెరవలేదమ్మా. రోజూ 'ప్లెజెంట్ మిస్' అని గట్టిగా చెప్పేవాడు. ఇవాళ చెయ్యెత్తాడంతే. బాత్‌రూమ్‌కి వెళ్తానని కూడా అడగలేదు. నిక్కరు తడుపుకున్నాడు. ఎవరికీ తెలియకుండా మార్చాను. ఇంట్లో ఏమైనా అయిందా?"

హంసిని తల వంచుకుంది. కిటికీలోంచి చంటి కనబడ్డాడు. వేరే ఎవరిదో పెద్ద నిక్కరు వేసుకుని, దాన్ని ఒక చేత్తో పట్టుకుని, ఒక్కడే గోడ పక్కన నిలబడి ఉన్నాడు. నోరు తెరిస్తే మూయడు అని నానమ్మ మురిసిపోయే చంటి!

ఆ సాయంత్రం సత్యశ్రీ ఫోన్ చేతిలోకి తీసుకోబోతుంటే హంసిని ఎదురుగా వచ్చి నిలబడింది.

"అమ్మా, ముందు నేను సెప్పింది విను. నేనే సేశాను."

మొత్తం చెప్పేసింది. తలుపు సందు, నవ్వే బొమ్మలు, ఆటోలో మాటలు, తడిసిన నిక్కరు. చివరికి, తీసేసిన కామెంట్ కూడా. అది చెప్పేటప్పుడు ఏడుపొచ్చింది.

"నీ రీల్‌ని యాభై ఎనిమిది మందే సూశారమ్మా. నాకు బాధేసింది. వెయ్యి అయితే నువ్వు సంతోషిస్తావని..."

సత్యశ్రీ లేచి వంటింట్లోకి వెళ్లింది. గ్లాసు చప్పుడు, బిందెలో నీళ్లు ముంచిన చప్పుడు వినబడ్డాయి. చాలాసేపటికి తిరిగి వచ్చింది.

ఫోన్ తెరిచింది. ఫాలోయర్లు ఆరు వేల వంద. ఏడాది కష్టంలో రాని అంకె రెండు రోజుల్లో వచ్చింది. సత్యశ్రీ దాన్ని ఒక్క క్షణం చూసింది. ఆ తర్వాత, "చంటీ, ఇలా రా నాన్నా," అని పిలిచింది.

వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"ఈ వీడియో నీది. నిన్నడక్కుండా నా పేజీలోకి వచ్చింది. నన్ను క్షమించు నాన్నా. ఇప్పుడు దీన్ని ఏటి సేద్దాం?"

చంటి చెత్తబుట్ట బొమ్మ ఎక్కడుందో వెతికి, వేలు పెట్టి నొక్కాడు. వీడియో పోయింది.

"నువ్వెందుకమ్మా సారీ సెప్తన్నావ్?" అంది హంసిని వెక్కుతూ. "తప్పు నాది కదా!"

"పేజీ నాది. నీ సేతికి ఇచ్చి ఎల్లిందీ నానే," అంది సత్యశ్రీ. "నువ్వు నాకు సంతోషం ఇద్దామనుకున్నావు, అది నాకు తెలుసు. కానీ ఆడి సంతోషం తీసి నాకిచ్చావమ్మా. అది నాకెలా సరిపోతాది?"

అప్పటికప్పుడే కిటికీ పక్కన నిలబడి వీడియో చేసింది. జుట్టు కూడా సరిచేసుకోలేదు. వెక్కుతూనే హంసిని ఫోన్ పట్టుకుంటే, అది కదలకుండా చిలకమ్మ ఆమె మోచేయి పట్టి ఆసరా ఇచ్చింది.

"మొన్న ఈ పేజీలో ఒక పిల్లాడి వీడియో వచ్చింది. ఆ పిల్లాణ్ణి అడగలేదు. తీసేశాం. ఆడు నేర్చుకుంటన్నాడు, మనం నవ్వాం. పేజీ నాది కాబట్టి తప్పు నాదే. ఇలాంటి వీడియోలకోసం వచ్చినోళ్లు ఉంటే, ఇక్కడ అలాంటివి ఉండవండీ. కుసుమకుమారి గారూ, మీరు అడిగింది సరైన మాట. మీ కామెంట్ పోయింది గానీ, నాకు చేరింది."

అంతే. ఒక్కసారికే అయిపోయింది. హంసిని పేరు ఎక్కడా రాలేదు.

మర్నాటికి చాలామంది వెళ్లిపోయారు. రోజూ అంకె తగ్గుతూనే ఉంది. సత్యశ్రీ మాత్రం ఎప్పటిలాగే గంటసేపు కూర్చుని జవాబులు రాసింది. కుసుమకుమారితో విడిగా ఫోన్లో మాట్లాడింది.

చంటి మాత్రం మాట్లాడలేదు. ఆకలేస్తే పళ్లెం తెచ్చేవాడు. నిద్రొస్తే దిండు లాక్కునేవాడు. "ఒక్క మాటాడరా నా బంగారం," అని చిలకమ్మ బతిమాలింది. తాతబాబు డ్యూటీ నుంచి వస్తూ వేడి వేడి పకోడీలు తెచ్చాడు. తిన్నాడు గానీ నోరు విప్పలేదు. అద్దం ముందుకి రమ్మని సత్యశ్రీ ఒక్కసారి కూడా పిలవలేదు. తొందర పెట్టవద్దని అందరికీ చెప్పింది.

బుధవారం పొద్దున బూట్లు వేసుకుంటున్న తమ్ముడి పక్కన హంసిని కూర్చుంది.

"చంటీ, ఒకటి అడగనా? మీ క్లాసుకొచ్చి, తప్పు నాదని అందరికీ సెప్పాలనుకుంటన్నాను. రావచ్చా? నువ్వొద్దంటే రాను."

చంటి ముడి పడిన బూటు లేసు విప్పుకున్నాడు. చివరికి తల ఊపాడు.

ఆటోలో సాయిశంకర్ మళ్లీ కూత పెట్టబోయాడు. "అన్నా, ఆ వీడియో దొంగతనంగా తీసింది నేను. నవ్వాలంటే నన్ను చూసి నవ్వు," అంది హంసిని. చూపు తిప్పుకోలేదు. సాయిశంకర్ ఏమనుకున్నాడో, కూత పెట్టకుండా బయటికి చూస్తూ కూర్చున్నాడు.

రోజారమణి టీచర్ ఆమెని ఒకటో తరగతి ముందు నిలబెట్టింది. ముప్పై జతల కళ్లు. హంసిని చంటి వైపు చూస్తూ చెప్పింది.

"చంటి వీడియో మీలో కొందరు చూశారు కదా. చంటి ఎవరికీ చూపించడానికి అలా చేయలేదు. ఒక్కడే నేర్చుకుంటున్నాడు. నేను తలుపు వెనక దాక్కుని తీశాను. వాణ్ణి అడగలేదు. సారీ చంటీ."

ముందు బల్లలోంచి రెండు జడల పాప చెయ్యెత్తింది.

"అక్కా, మరి నీకేటి రాదు?"

హంసిని తడబడింది. ఆరో తరగతి చదువుతోంది. అందరి ముందూ చెప్పడమా? కానీ చంటి తన వైపే చూస్తున్నాడు.

"నాకు పదమూడో ఎక్కం రాదు. ఇప్పటికీ వేళ్లు లెక్కపెట్టుకుంటాను."

పిల్లలంతా గొల్లుమని నవ్వారు. హంసిని చెవులు ఎర్రబడ్డాయి. ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. పారిపోలేదు. వాళ్లు నవ్వడం అయ్యేదాకా అక్కడే నిలబడింది. వెనక బల్లలో చంటి ఒక్కడే నవ్వలేదు.

శనివారం వచ్చింది. తాతబాబుకి సెలవు. చంటిని బండి మీద అప్పికొండ సముద్రానికి తీసుకెళ్లాడు. ఇంట్లో సత్యశ్రీ కొత్త రీల్ చేస్తోంది. కొత్త తమ్ముడో చెల్లెలో పుట్టినప్పుడు పెద్దపిల్లలు ఎందుకు అలుగుతారో చెబుతోంది. కిటికీలోంచి వెలుతురు చక్కగా పడుతోంది. ఒక్క మాట తడబడలేదు. ఇంత బాగా ఎప్పుడూ రాలేదు. ఇంకో రెండు వాక్యాలు చెబితే అయిపోతుంది. హంసిని ఊపిరి బిగబట్టి ఫోన్ పట్టుకుంది.

మెట్ల మీద దబదబా అడుగుల చప్పుడు. తలుపు తోసుకుని చంటి లోపలికి వచ్చాడు. కాళ్ల నిండా ఇసుక. రొప్పుతున్నాడు.

"అక్కా! ఓడ! ఎల్లది! పేద్దది!"

సత్యశ్రీ మాట సగంలో ఆగిపోయింది. లోపలి గదిలో చిలకమ్మ మంచం కిర్రుమంది. ఐదు రోజుల తర్వాత అవే వాడి మొదటి మాటలు.

ఫోన్‌లో ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది. తెర మీద చంటి మొహం, తడి జుట్టు, మెరిసే కళ్లు, అన్నీ పడుతున్నాయి.

హంసిని బొటనవేలితో ఎర్ర చుక్కని ఆపేసింది. తీసినదంతా చెరిపేసి, ఫోన్‌ని బియ్యం డబ్బా మీద బోర్లా పెట్టింది. నేల మీద తమ్ముడి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఎంత పెద్దదిరా?"

"మన ఈధంత!" చంటి రెండు చేతులూ చాచాడు. "నీల్లలో నిలబడిపోయింది అక్కా. నాన్న, అది దూలం నించి వచ్చిందన్నాడు. దాని మీద ఒకడు బట్టలు ఆలేత్తన్నాడు..."

"ఓడ మీదా?"

"అవును! ఎల్ల చొక్కా!"

సత్యశ్రీ పొయ్యి కట్టేసి వచ్చి కూతురి పక్కన కూర్చుంది. చంటి ఆగలేదు. మాటకి మాట తగులుకుంటోంది, చేతులు తిరుగుతున్నాయి, ఇసుక రాలుతోంది. హంసిని ఒక్క మాటా సరిచేయలేదు. వాడు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా ఇంకాస్త ముందుకి జరిగి, "ఆ తర్వాత?" అని అడిగింది.